నాలుగు, నాలుగు, రెండు

మా మామగారు ఎల్మర్ ఫెడెవా ఆ కారులోంచి గేర్‌బాక్సు తీసేసిన రోజున నేను అక్కడే ఉన్నాను. తియ్యాలని అనుకున్నది ఇద్దరం, ఆయనా నేనూ. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. ఇక చెప్పడానికి మిగిలింది నేనే.

అప్పటికింకా ఆయన నాకు మామగారు కాదు. నేను లొరెట్టా స్పిట్జ్‌లీని, లాన్సింగ్‌లో కార్ల సీట్లకి తొడుగులు కుట్టే షాపులో మిషను మీద ఉండేదాన్ని. ఆయన కొడుకు రోలండ్‌తో నాకు పెళ్లి కుదిరింది. రోలండ్ ఓల్డ్స్ కార్ల ఫ్యాక్టరీలో, లైను కింద గుంతలో నిలబడి, తల మీదుగా వెళ్లే ప్రతి కారుకీ సైలెన్సర్ పైపులు బిగించేవాడు. వాళ్ల నాన్న లైను చివర రిపేరు సెక్షన్లో ఉండేవాడు. తేడా చేసిన బండి ఏదైనా ఆయన దగ్గరికే వచ్చేది. రోలండ్‌కి పన్నెండేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు ఇద్దరే, ఒకళ్ల మీద ఒకళ్లు విసుర్లు విసురుకుంటూ బతికేవాళ్లు.

1964 వేసవిలో రోలండ్ ఆ కారు కొన్నాడు. ఓల్డ్స్ ఫోర్-ఫోర్-టూ. లేత నీలం రంగు, రెండు తలుపులు. కొన్న రోజు సాయంత్రం మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. నేను బయటికొచ్చి ముందు చక్రం పైన రేకు మీదున్న అంకెలు చదివాను.

“ఇదేంటి, ఎవరిదో ఫోన్ నంబరా?” అన్నాను.

“మా నాన్న కూడా ఇదే అన్నాడు. ఇద్దరికీ బుర్ర ఒకేలా పనిచేస్తుందన్నమాట,” అని నా చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు. “నాలుగు గొంతుల కార్బ్యురేటరు. నాలుగు గేర్లు, చేత్తో వేసేవి. రెండు పైపులు. అయిపోయింది. మిగతా కార్లకి జంతువుల పేర్లూ నక్షత్రాల పేర్లూ పెడతారు. దీనికి లోపల ఏముందో అదే పేరు.”

“రెండు పైపులూ నువ్వే బిగించావా?”

“దీనికి కాదు. ఆ వేళ నేను సెలవులో ఉన్నా. అదే దిగులుగా ఉంది,” అన్నాడు. నిజంగానే దిగులుపడ్డాడు. మర్నాడు రెండు పైపులూ విప్పి మళ్లీ తనే బిగించుకున్నాడని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది కొత్త మోడల్ వచ్చింది. దానికి ఇంకా పెద్ద ఇంజను పెట్టారు, నాలుగొందల ఘనపు అంగుళాలది. గేర్లు వెయ్యడం రానివాళ్లకి ఆటోమేటిక్ కూడా ఇస్తామన్నారు. మరి ఆటోమేటిక్‌కి నాలుగు గేర్లు లేవుగా, పేరెలా అతుకుతుంది? అందుకని మొదటి నాలుగంటే నాలుగొందల ఇంజను, రెండో నాలుగు కార్బ్యురేటరు అని కొత్తగా అర్థం చెప్పారు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు రోలండ్ చాలాసేపు గొణిగాడు.

“పేరు అలాగే ఉంచి అర్థం మార్చేశారు. అదెలా కుదురుతుంది?”

“పేరు పేరేరా. ఎవడు లెక్కపెట్టొచ్చాడు?” అన్నాడు ఎల్మర్, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

“నేను లెక్కపెడతా.”

“నువ్వు చిన్నప్పుడు బఠానీలు కూడా లెక్కపెట్టుకుని తినేవాడివి. ఆ జబ్బు ఇంకా పోలేదు.”

ముగ్గురం నవ్వుకున్నాం. మేం కలిసి నవ్విన రోజులు చాలానే ఉన్నాయి. ఇదొక్కటే ఎందుకు గుర్తుందో మీకే తెలుస్తుంది.

1966 చివర్లో రోలండ్‌ని సైన్యంలోకి పిలిచారు. వెళ్లేముందు కారుని గరాజ్‌లో పెట్టి తాళాలు తండ్రికిచ్చాడు.

“ఆదివారం ఆదివారం స్టార్ట్ చెయ్యి. రోడ్డు మీదకి మాత్రం తియ్యకు. నువ్వు క్లచ్ మీద కాలు పెట్టేసి కూర్చుంటావు.”

“నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నానురా!”

“అందుకే చెప్తున్నా. ఆ కాలికి అలవాటైపోయింది.”

1967 జూన్‌లో యుద్ధంలో మందుపాతర పేలి రోలండ్‌కి ఎడమకాలు పోయింది. మోకాలి కింద నాలుగు వేళ్ల మేర ఉంచి మిగతాది తీసేశారు. పెన్సిల్వేనియాలో సైన్యం ఆస్పత్రికి తెచ్చారు. అక్కడే తొమ్మిది నెలలు ఉండిపోయాడు. నేను శీతాకాలం మొదట్లో బస్సెక్కి ఒకసారి వెళ్లగలిగాను. మొహం చిక్కిపోయి ఉంది, కళ్లు మాత్రం హుషారుగానే ఉన్నాయి. కాలి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “బండి స్టార్ట్ అవుతోందా?” అని అడిగాడు. అవుతోందన్నాను. మంచం కింద ఒక చిన్న పీట, దానికి తాడుతో కట్టిన ఇటుకలు కనిపించాయి. “ఇదేంటి?” అన్నాను. “కసరత్తు,” అన్నాడు. పక్క మంచం కుర్రాడు “కసరత్తా, పిచ్చా? పొద్దుట్నుంచీ తొక్కుతూనే ఉంటాడండీ,” అని నవ్వాడు. నేను మరి అడగలేదు. బస్సు టైమవుతోంది.

జనవరిలో ఒక రోజు మధ్యాహ్నం భోజనం వేళ ఎల్మర్ మా షాపు క్యాంటీన్‌కి వచ్చాడు. ఎప్పుడూ వచ్చే మనిషి కాదు. కాగితంలో చుట్టిన ఆలివ్ బర్గర్ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

“అమ్మాయ్, వాడికి ఎడమకాలు లేదు,” అన్నాడు.

“తెలుసండీ ఫెడెవా గారూ.”

“క్లచ్ తొక్కాల్సింది ఎడమకాలితో.”

నాకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనేలేదు.

“ఆటోమేటిక్ పెట్టేస్తాను. కుడికాలు ఒక్కటుంటే చాలు. వాడు ఇంటికి రాగానే తాళాలు చేతిలో పెట్టి, పదరా తిరిగొద్దాం అంటాను. ఏమంటావ్?”

“రోలండ్‌ని ఒక మాట అడిగితేనో?”

“అడిగితే వద్దంటాడు. వాడి మొండితనం నీకు తెలీదా? తర్వాత ఏడాదంతా ఆ కారు చుట్టూ కుంటుకుంటూ తిరుగుతాడు. చూడలేను నేను. నువ్వు చూడగలవా?”

చూడలేనన్నాను. చెయ్యండి అన్నాను. వచ్చి పట్టుకుంటానని కూడా అన్నాను.

మూడు ఆదివారాలు పట్టింది. గేర్‌బాక్సు దించాడు, క్లచ్ పెడలు విప్పేశాడు, గేరు రాడ్డు తీసేశాడు. ఆటోమేటిక్‌ది స్టీరింగు పక్కన చిన్న పుల్ల ఒక్కటే. మధ్యలో గేరు రాడ్డు వచ్చే చోట కార్పెట్టుకి రంధ్రం ఉండిపోయింది. పాత ముక్క మార్చి, రంధ్రం లేని కొత్త నల్ల కార్పెట్టు నేనే కత్తిరించి, అంచులు కుట్టి పరిచాను. అక్కడ ఒకప్పుడు రాడ్డు ఉండేదని ఎవరూ పట్టలేనంత బాగా కుదిరింది. “ఫ్యాక్టరీ పని కంటే బాగుందే!” అన్నాడు ఆయన. నాకు గర్వంగా అనిపించింది. తీసిన గేర్‌బాక్సు రిపేరు సెక్షన్లో పందేలకి బండ్లు నడిపే ఒకతను అడిగితే ఇచ్చేశాడు. వాడు నెల తిరక్కుండానే దాని పళ్లన్నీ విరగ్గొట్టి పాత ఇనుములో పడేశాడట.

ఏప్రిల్‌లో రోలండ్ ఇంటికొచ్చాడు. బస్టాండు నుంచి మా అన్నయ్య కారులో తీసుకొచ్చాం. కొత్త కాలితో, ఒక్క కర్రతో, దాదాపు మామూలుగానే నడుస్తున్నాడు. దారిపొడుగునా బాగా మాట్లాడాడు. ఇంటిముందు దిగేసరికి ఎల్మర్ కారుని గరాజ్‌లోంచి తీసి, కడిగి, తుడిచి, వాకిట్లో నిలబెట్టి ఉంచాడు. తాళాలు చేతిలో ఉన్నాయి.

రోలండ్ తండ్రిని కావిలించుకుని, తాళాలు తీసుకుని, డ్రైవరు వైపు తలుపు తెరిచాడు. తెరిచి అలాగే నిలబడిపోయాడు. లోపలికి వంగి నేలకేసి చూశాడు. నేను పరిచిన కార్పెట్టు మీద అరచెయ్యి పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు తడిమాడు.

“ఆటోమేటిక్ పెట్టానురా,” అన్నాడు ఎల్మర్. గొంతులో సంబరం ఆగడం లేదు. “కుడికాలు చాలు. మూడు ఆదివారాలు కష్టపడ్డాం. కార్పెట్టు లొరెట్టాది.”

రోలండ్ నావైపు చూశాడు. ఏ భావమూ లేని చూపు.

“పాతది ఎక్కడ?”

“అది పోయిందిలే. ఎందుకు దాంతో?”

“ఇది ఫోర్-ఫోర్-టూ కాదు నాన్నా ఇప్పుడు.”

“ఎందుకు కాదు? కంపెనీవాళ్లే చెప్పారుగా! గేర్లు లెక్కలోకి రావు. మొదటి నాలుగు ఇంజనుది. ఆటోమేటిక్ అయినా ఫోర్-ఫోర్-టూయే.”

“నాలుగొందల ఇంజను అయితే. దీన్లో ఉన్నది మూడొందల ముప్పై.”

రోలండ్ తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు. తాళాలు తండ్రి చేతిలో తిరిగి పెట్టి, “ఆకలేస్తోంది, లోపలికి పోదామా?” అన్నాడు. అంతే. అరవలేదు, విసుక్కోలేదు. ఆ పూట భోజనంలో సైన్యం వంటవాళ్ల మీద జోకులు కూడా వేశాడు. కానీ మర్నాడు పనికోసం ఫ్యాక్టరీకి వెళ్లాల్సివస్తే రెండు వీధులు నడిచి సిటీ బస్సెక్కాడు.

వాళ్లు అతన్ని పనిముట్ల గదిలో వేశారు. కిటికీ వెనక ఎత్తు పీట మీద కూర్చుని రెంచీలూ డ్రిల్లులూ ఇచ్చి పుచ్చుకునే పని. నెలలోపే అక్కడివాళ్లు అతనికి ‘ఫోర్-ఫోర్-వన్’ అని పేరు పెట్టారు. “ఒరేయ్ ఫోర్-ఫోర్-వన్, అరంగుళం సాకెట్టు ఇలా పారెయ్!” అనేవాళ్లు. వాళ్లకి అతనంటే ఇష్టమే. అతనూ వాళ్లతో పాటు నవ్వేవాడు. ఇంటికొచ్చాక చొక్కా విప్పకుండానే కుర్చీలో కూర్చుని బీరు తాగేవాడు.

అక్టోబరులో మా పెళ్లయింది. ఆ ఇంట్లోనే, ఆయనతోనే ఉన్నాం.

ఎల్మర్ మాత్రం ఆ అంకె దగ్గరే ఆగిపోయాడు. కొడుక్కి కోపం ఇంజను గురించే అనుకున్నాడు, లేకపోతే అలా అనుకోవాలనుకున్నాడు. ఆ చలికాలమంతా గరాజ్‌లోనే గడిపాడు. ఎక్కడో తుక్కు దుకాణంలో నాలుగొందల ఇంజను సంపాదించాడు. ఒక్కడే గొలుసు కప్పీతో పాతది పైకి లేపి, కొత్తది దింపాడు. వేళ్లు చలికి పగిలి, కాఫీ కప్పు పట్టుకుంటే దాని మీద నెత్తురు మరకలయ్యేవి. మార్చిలో ఒక శనివారం రోలండ్‌ని పిలిచి హుడ్డు ఎత్తి చూపించాడు.

“లెక్కపెట్టుకో. నాలుగొందలు. నాలుగు గొంతులు. రెండు పైపులు. ఇప్పుడేమంటావ్?”

రోలండ్ వంగి చూశాడు. “చాలా కష్టపడ్డావు నాన్నా,” అన్నాడు. ఇంట్లోకొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“ఒక్కసారి ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొస్తే ఏం పోయింది? ఆయన మొహం చూడవా?” అన్నాను నేను.

“చూస్తున్నాగా. అందుకే పడుకున్నా,” అన్నాడు.

1970 డిసెంబరులో అతని మొండికాలికి చీము పట్టింది. మందులు పనిచెయ్యలేదు. మోకాలు కూడా తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి తీసుకెళ్లే రోజు పొద్దున్న, కిటికీ బయట మంచు పడుతుంటే, నాకు చెప్పాడు. అడగకుండానే చెప్పాడు.

పెన్సిల్వేనియా ఆస్పత్రిలో కసరత్తులు చేయించే సార్జెంటు ఒకడు ఉండేవాడట. మోకాలు మిగిలింది కాబట్టి తొడ బలంతో క్లచ్ తొక్కొచ్చు, కాకపోతే సాధన కావాలి అన్నాడట. రోలండ్ ఆ పెడలు ఎంత బరువు తీసుకుంటుందో అంచనా కట్టి, అన్ని ఇటుకలు పీటకి కట్టుకుని, రోజుకి అయిదొందల సార్లు తొక్కాడట. మొదట్లో పుండు చిట్లి కట్టు తడిసిపోయేది. ఆరో నెలకి నొప్పి లేకుండా తొక్కగలిగాడు.

“మా నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, ఏమీ చెప్పకుండా బండి తీసి, సేగినా రోడ్డెక్కి మూడో గేరు వెయ్యాలనుకున్నా. ఆయన నా కాళ్ల వైపు చూస్తాడు కదా, అప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందా అని... రోజూ ఇటుకలు తొక్కుతూ అదే ఊహించుకునేవాణ్ణి.”

నేనడిగాను.

“వచ్చిన రోజే చెప్పుండొచ్చుగా? మళ్లీ పెట్టించేవాళ్లంగా?”

“ఆయన తాళాలు పట్టుకుని అలా నిలబడితే ఎలా చెప్పను? ఇప్పుడు కూడా చెప్పకు. తెలిస్తే ఆయన తట్టుకోలేడు. మాటియ్యి.”

మాటిచ్చాను. పదింటికి లోపలికి తీసుకెళ్లారు. మోకాలి పైన జానెడు వదిలి తీసేశారు.

పదకొండు నెలలు ఆ మాట నిలబెట్టుకున్నాను. 1971 నవంబరులో, ఊళ్లో మగాళ్లంతా జింకల వేటకి వెళ్లిన వారంలో, రోలండ్ ఇంకా పని నుంచి రాలేదు, ఎల్మర్ వంటింట్లో కాఫీ తాగుతూ మొదలుపెట్టాడు.

“రెండు చలికాలాలు ఇనుము మోశాను వాడికోసం. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి దాన్లో కూర్చున్నాడా? పోనీ థాంక్స్ అన్నాడా? యుద్ధం కాలునే తీసుకుంది అనుకున్నా. మనసు కూడా తీసేసుకుంది. రాయిలా తయారయ్యాడు.”

“అలా అనకండి మామయ్యా.”

“ఎందుకనకూడదు? తండ్రి చేసిన పనికి విలువ లేనివాడు మనిషేనా?”

నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి ఈయన కోసమే మూడున్నరేళ్లుగా నోరు నొక్కుకుని తిరుగుతుంటే, ఈయనే అతన్ని రాయి అంటున్నాడు. మొత్తం చెప్పేశాను. పీట, ఇటుకలు, సేగినా రోడ్డు, మూడో గేరు, అన్నీ.

ఎల్మర్ లేచి కప్పు కడిగాడు. గుడ్డతో తుడిచాడు. అలమరలో పెట్టాడు. మళ్లీ తీసి మళ్లీ కడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేశానో.

మర్నాటి నుంచి ఆయన జాక్సన్, ఫ్లింట్, ఎక్కడెక్కడి తుక్కు దుకాణాలో గాలించాడు. అదే ఏడాది, అదే రకం గేర్‌బాక్సు ఒకటి దొరికింది. మొదటి ఇంజను ఇంకా గరాజ్ మూల దుప్పటి కింద ఉంది. దాన్ని బాగుచేసి తిరిగి ఎక్కించాడు. క్లచ్ పెడలు బిగించాడు. నన్ను పిలిచి, “కార్పెట్టుకి రంధ్రం కొయ్యి,” అన్నాడు.

“మామయ్యా, ఇప్పుడతనికి మోకాలు లేదు. తొక్కలేడు.”

“తెలుసు.”

“మరెందుకిది?”

“వాడు నాకు అప్పజెప్పినది వాడికి అప్పజెప్పాలి. తొక్కుతాడో లేదో వాడిష్టం.” రెంచీ కింద పెట్టి, “తొక్కగలడేమో కూడా. నువ్వెలా చెప్పగలవు తొక్కలేడని?” అన్నాడు. ఆ రెండో మాట కోసమే ఇదంతా చేశాడని నాకు తెలుసు. నేను కత్తి తీసుకుని రంధ్రం కోశాను.

1972 ఆగస్టులో ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన అయ్యాక, ఆయన కారుని వాకిట్లో పెట్టాడు. రోలండ్ రెండు కర్రల మీద వచ్చి లోపలికి తొంగిచూశాడు. గేరు రాడ్డు చూశాడు. తర్వాత నాకేసి తిరిగాడు.

“చెప్పావన్నమాట.”

“చెప్పాను.”

“ఊఁ,” అన్నాడు.

ఎల్మర్ అవతలి వైపు తలుపు దగ్గర నిలబడి, చర్చిలో టోపీ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందు కట్టుకుని ఉన్నాడు. రోలండ్ ఆయన వంక చూశాడు. ఏమనుకున్నాడో, కర్రలు నా చేతికిచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. “ఎక్కు నాన్నా,” అన్నాడు. నేను వెనక కూర్చున్నాను.

చెక్క కాలిని రెండు చేతులతో ఎత్తి పెడలు మీద పెట్టుకున్నాడు. తొడ మీద అరచెయ్యి ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కాడు. పెడలు దిగింది. ఇంజను అందుకుంది. బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ప్రతి గేరుకీ అదే పని. స్టీరింగు వదిలెయ్యడం, తొడ నొక్కడం, రాడ్డు లాగడం. చొక్కా వీపు తడిసిపోయింది. “కుడివైపుకి పోతోంది,” అని ఎల్మర్ స్టీరింగుకి వేలు ఆనించాడు. “తియ్యి చెయ్యి,” అన్నాడు రోలండ్, కానీ కోపంగా కాదు, పాతరోజుల్లో అన్నట్టు. సేగినా రోడ్డు మీద మూడో గేరు పడింది. రోలండ్ గట్టిగా, ఒక్క అరుపులాగా నవ్వాడు. ఎల్మర్ కొడుకు కాళ్లవైపు చూస్తూ ఏడుస్తున్నాడు.

లోగన్ వీధి దగ్గర ఎర్రదీపం పడింది. ముందు రొట్టెల బండి ఆగింది. రోలండ్ తొడ నొక్కాడు. చెక్క పాదం పెడలు మీంచి జారి దాని వెనక ఇరుక్కుంది. అతను దాన్ని లాగడానికి వంగాడు. ఆ వంగడంలో కుడికాలు పక్కకి జరిగి ఆక్సిలరేటరు మీద పడింది. మేం ఎగిరినట్టు వెళ్లి ఆ బండి వెనక భాగంలోకి దూసుకుపోయాం.

ఎవరూ చావలేదు. ఎల్మర్ నుదురు చీలి కళ్లలోకి నెత్తురు కారింది. రోడ్డు మీద రొట్టెలు పడ్డాయి. వచ్చిన పోలీసు చిన్నవాడు, మర్యాదస్తుడు. రోలండ్ కాలు పెడలు వెనక నుంచి ఊడదీయడానికి అతనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“సార్, ఈ కాలితో క్లచ్ బండి ఎలా తీశారు? ఎవరు ఎక్కనిచ్చారు మిమ్మల్ని?”

“నేనే ఎక్కించాను,” అన్నాడు ఎల్మర్, నుదుటికి రుమాలు అదుముకుని.

“కాదు. ఆయన తప్పేం లేదు. నేనే ఎక్కాను,” అన్నాడు రోలండ్.

నెల తిరిగేసరికి లైసెన్సు మీద కొత్త ముద్ర పడింది. ఆటోమేటిక్ బండ్లు మాత్రమే నడపాలని. ఆ కాగితం వచ్చిన రోజు ఎల్మర్ దాన్ని చదివి బల్ల మీద పెట్టి, “నేను ఆ రోజు ఆ పెడలు తియ్యకుండా ఉండుంటే...” అన్నాడు.

“వద్దు నాన్నా,” అన్నాడు రోలండ్.

ఆ తర్వాత ఆ తండ్రీకొడుకుల మధ్య విసుర్లు పోయాయి. మర్యాద వచ్చింది. ఉప్పు ఇలా అందిస్తావా, తలుపు వేస్తావా, నిద్ర పట్టిందా, ఇలా. పరాయి ఇంట్లో అతిథుల్లా మాట్లాడుకునేవాళ్లు. ఎల్మర్ పని మానేశాడు. పగలంతా వంటింటి కుర్చీలో కూర్చునేవాడు, రేడియో కూడా పెట్టేవాడు కాదు. ముక్కు చితికిన కారు గరాజ్‌లోనే ఉంది. ఎవరూ తలుపు తియ్యలేదు. 1974 అక్టోబరులో ఎల్మర్ వాకిట్లో ఆకులు ఊడుస్తూ పడిపోయాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి అయిపోయింది. తర్వాతి వసంతంలో బ్యాటిల్ క్రీక్ నుంచి ఒకతను వచ్చి కారుని కొనుక్కుని ట్రైలరు మీద వేసుకుని తీసుకుపోయాడు. “దీన్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి ఏవి, తర్వాత మార్చినవి ఏవి?” అని అడిగాడతను. నేను గుర్తున్నంతవరకూ చెప్పాను. ఏది ఏదో నాకే కలిసిపోయింది. సగంలో ఆపేశాను.

రోలండ్ నన్నెప్పుడూ నిలదియ్యలేదు. కొన్నేళ్ల తర్వాత నేనే క్షమించమని అడిగాను. “మంచికే చెప్పావుగా. ఆయన కూడా మంచికే చేశాడు,” అన్నాడు. అలా అనకుండా నాలుగు తిట్టుంటే బాగుండేది. ఆ ఆపరేషన్ రోజు పొద్దున్న చెప్పినట్టు మళ్లీ ఏ సంగతీ నాకు చెప్పలేదు. వాన పడేలా ఉందనేవాడు, పాలు అయిపోయాయనేవాడు. నీకింకా వయసుంది, కావాలంటే వెళ్లిపో అన్నాడొకసారి, పేపరు చదువుతూ. నేను వెళ్లలేదు. పిల్లలు కలగలేదు. పనిముట్ల గదిలో అతని పీట పక్కన బీరు సీసాలు దొరికితే వాళ్లు చూసీచూడనట్టు ఊరుకున్నారు కొన్నాళ్లు, తర్వాత ఇంటికి పంపేశారు.

1983 ఫిబ్రవరిలో రోలండ్ కాలేయం పాడై చనిపోయాడు. అతనికి నలభయ్యేళ్లు. ఆ ఏడు నేల గడ్డ కట్టుకుపోయి గొయ్యి తవ్వడానికి వీల్లేకపోయింది. పెట్టెని శ్మశానం దగ్గరున్న రాతిగదిలో ఉంచి, మెత్తబడ్డాక పిలుస్తామన్నారు. ఏప్రిల్ రెండో వారంలో ఫోన్ వచ్చింది. సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. ఎవర్నీ రమ్మనలేదు. తవ్వేవాళ్లిద్దరూ టోపీలు తీసి నిలబడ్డారు. నేను ఏమైనా చెప్తానేమోనని కాసేపు చూశారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. కానివ్వండి అన్నాను. మధ్యాహ్నం షిఫ్టుకి షాపుకి వెళ్లిపోయాను.